తాతను చంపకుండా తెర దించండి: నాటక పరిషత్తుల పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు నాటక పరిషత్తుల నిర్వాహకులకు, నాటిక రచయితలకు, ముందు వరుసలో మార్కుల కాగితాలతో కూర్చునే న్యాయనిర్ణేతలకు,

నమస్కారం.

నేను ఒడిశా రాష్ట్రం గజపతి జిల్లా పర్లాకిమిడిలో పుట్టి, అక్కడే తపాలా శాఖలో ముప్ఫై అయిదేళ్ళు ఉద్యోగం చేసి, అక్కడే విశ్రాంతి తీసుకుంటున్న తెలుగువాణ్ణి. మా ఊరికి పాతపట్నం కూతవేటు దూరం. పొద్దున్నే బయలుదేరితే నీలమణి దుర్గమ్మను దర్శించుకొని ఎండ ముదరకముందే ఇల్లు చేరవచ్చు. కాని అదే పాతపట్నానికి ఉత్తరం వేస్తే అది వేరే రాష్ట్రపు సంచిలో పడేది, ఎందుకంటే వాళ్ళ పిన్‌కోడు 5తో, మాది 7తో మొదలవుతాయి. ఆ సంచుల మూతులు కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడ్డప్పుడు మా పెద్దలు ఇటు పడ్డారు. ఆ సంగతి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా ఫిర్యాదు మీ మీద, కొంత నా మీద కూడా.

ఇరవై ఏళ్ళ వయసు నుంచి వేషాలు వేస్తున్నాను. పద్యనాటకాల్లో చిన్న పాత్రలతో మొదలుపెట్టి, సాంఘిక నాటికల్లో తండ్రి పాత్రల మీదుగా, ఇప్పుడు వెతుక్కోకుండానే దొరికే తాత పాత్రలకు వచ్చాను. సరిహద్దు దాటి మీ పోటీలకు వస్తూనే ఉన్నాను. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు వెలిసినప్పటి నుంచి పోటీ నాటకం తెలుగు రంగస్థలానికి ఒక పద్ధతిని, సమయపాలనను, రచన మీద శ్రద్ధను నేర్పిందన్నది నేను నమ్మే మాటే. అందుచేత ఈ లేఖను బయటివాడి వెక్కిరింపుగా తీసుకోవద్దని మనవి.

విషయానికి వస్తాను. గడచిన కొన్నేళ్ళుగా ముసలివాడికీ పసివాడికీ మధ్య స్నేహం మీద నాటికలు విరివిగా వస్తున్నాయి. మంచిదే. అయితే ఒకసారి మూడు రోజుల పోటీలో వరసగా కూర్చొని చూస్తే, ఆ మూడు రోజుల్లో ముగ్గురు తాతలు నా కళ్ళముందే పోయారు. ఒకాయన వాలుకుర్చీలో, ఒకాయన రైల్వే బెంచీ మీద, మూడో ఆయన వృద్ధాశ్రమం మెట్ల మీద. ముగ్గురికీ విదేశంలో కొడుకు. ముగ్గురికీ పక్కింటి కుర్రవాడు. ముగ్గురూ పోయేముందు ఆ కుర్రవాడి తల నిమిరి నాలుగు నిమిషాలు మాట్లాడారు. తర్వాత వేణువు, నీలిరంగు వెలుతురు, తెర. మూడోసారి నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దవాడే అయి ఉంటాడు, జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకొని, "ఇంక భోజనాలకు లేద్దామా?" అన్నాడు. ఆయనను నేను తప్పుపట్టను. అలవాటైన చావు మనిషి ఆకలికి అడ్డుపడదు.

మాకు ఏడుపంటే గిట్టదనుకోకండి. మాది కాటిసీనును కంఠస్థం చేసిన తరం. హరిశ్చంద్రుడి భుజం మీద గొడ్డలి చూసినా, చంద్రమతి ఒడిలో లోహితాస్యుణ్ణి చూసినా మా ఊళ్ళో ఆడవాళ్ళతోపాటు మగవాళ్ళూ వెక్కివెక్కి ఏడ్చేవారు. కాని ఒక తేడా ఉంది, గమనించండి. లోహితాస్యుడు మళ్ళీ లేచి కూర్చుంటాడు. ఆనాటి కవులు అంత కష్టపెట్టి కూడా చివరికి ప్రాణం తిరిగి ఇచ్చి పంపారు. మీ తాతలు మాత్రం లేవరు. అందులోనూ వాళ్ళ చావుకు కథలో కారణం ఉండదు. యాభై నిమిషాలు దాటాయి గనుక పోతారు.

కరుణ ఒక్కటే రసమని సంస్కృత నాటకకర్త భవభూతి అన్నాడని ఒక న్యాయనిర్ణేత నాతో వాదించారు. నిజమే, అన్నాడు. అయితే మనం చెప్పుకుంటున్నది స్నేహం గురించి. నవవిధ భక్తుల్లో ఎనిమిదోది సఖ్యమని మనందరికీ తెలుసు. మా ప్రాంతంలో చైతన్య సంప్రదాయపు కీర్తన మండళ్ళు ఎక్కువ గనుక చైతన్య మహాప్రభువు శిష్యుడు రూప గోస్వామి చెప్పిన అయిదు ముఖ్య రసాల పేర్లు మా చెవిన పడుతూనే ఉంటాయి: శాంతం, దాస్యం, సఖ్యం, వాత్సల్యం, మధురం. సఖ్యం వేరు, వాత్సల్యం వేరు అని ఆ మహానుభావుడు విడివిడిగా చెప్పాడు. వాత్సల్యంలో ఒకరు పెద్ద, ఒకరు చిన్న. ఒకరు పెడతారు, ఒకరు తింటారు. సఖ్యంలో ఇద్దరూ పెడతారు, ఇద్దరూ తింటారు, ఎంగిలి కూడా పట్టించుకోరు, అవసరమైతే కృష్ణుడి వీపు మీదెక్కి గోపబాలుడు సవారీ చేస్తాడు. మీరు స్నేహమని పేరు పెట్టి రాస్తున్నవన్నీ వాత్సల్యపు నాటికలు. కొడుకు లేని చోట కుర్రవాణ్ణి, మనవడు లేని చోట పక్కింటి పిల్లవాణ్ణి కూర్చోబెడుతున్నారు. అది ఖాళీ కుర్చీని నింపడమే గాని స్నేహం కాదు. నా ఫిర్యాదంతా ఈ ఒక్క మాటలో ఉంది, మిగతాదంతా దానికి సాక్ష్యం.

సాక్ష్యం నా ఇంటి వసారా నుంచే ఇస్తాను.

నాలుగేళ్ళ కిందట మా వీధి చివరి ఇంటి కుర్రవాడు, అప్పటికి ఎనిమిదో తరగతి, ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకొని మా గుమ్మంలో నిలబడ్డాడు. అందులో వాళ్ళ ముత్తాత నాటి దస్తావేజు ఉంది. 1931 నాటిది, మేము ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటిది, పూర్తిగా తెలుగులో గొలుసుకట్టు రాతలో ఉంది. వాళ్ళ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. తండ్రి ఒడియా మాధ్యమంలో చదివాడు, కొడుకూ అంతే. భూమి కాగితాల పని పడి ఆ దస్తావేజులో ఏముందో తెలియవలసి వచ్చింది. సరిగ్గా ఆ వారమే నా ఇంటికి హోల్డింగ్ ట్యాక్సు (ఇంటిపన్ను) నోటీసు ఒడియాలో వచ్చి ఉంది. ఉద్యోగం పుణ్యమా అని ఒడియాలో ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు నేను చదవగలను. ప్రభుత్వం రాసే వాక్యం మాత్రం నాకు కొరుకుడు పడదు. కుర్రవాడు నోటీసు తీసుకొని గడగడా చదివి, గడువు ఎప్పటిదాకా ఉన్నదో, ఎంత కట్టాలో చెప్పాడు. నేను అతని దస్తావేజులో మొదటి పేజీ చదివి, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) ఏమిటో, తూర్పు హద్దున ఎవరి చెరువుగట్టు ఉన్నదో చెప్పాను. అతను వేళ్ళు మడిచి లెక్క చూసుకొని, "ఒకటికి ఒకటి తాతా, లెక్క సరిపోనాది. రేపు నీ కాడ ఇంకేటన్నా కాయితం ఉంటే సెప్పు, నాకింకా నాలుగు పేజీలున్నాయి" అన్నాడు.

మా స్నేహం ఇలా బేరంతో మొదలైంది. ఇందులో ఎవరూ ఎవరి తలా నిమరలేదు.

తర్వాత అతను తానే చదువుకుంటానని మొదలుపెట్టాడు. ఒడియాలో అకారాంతమైన హల్లును కొంచెం ఒకారంలా పలుకుతారు గనుక మొదట్లో ప్రతి అక్షరాన్నీ అలాగే పలికేవాడు. "గడప" అన్న మాటను కూడబలుక్కొని "గొ... డొ... పొ" అని, ఒక్క క్షణం ఆగి, కళ్ళు పెద్దవి చేసి, "ఓర్నీ, గడపా!" అనేవాడు. పుట్టినప్పటి నుంచీ నోట నలిగిన మాట కాగితం మీద అపరిచితుడిలా నిలబడి, చివరికి పోల్చుకొని పలకరించినట్టు ఉండేది. ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు ఒడియా రాతలో తేడా లేకపోవడం వల్ల "తెలుగు" అన్న మాటనే "తేలుగు" అని రాసేవాడు. నేను దిద్దితే, "నీకు రెండెందుకు తాతా, ఒకటి సాలదా?" అని నిలదీసేవాడు. చాలదని రుజువు చెయ్యడానికి "చెరువు", "చేరువ" రాసి చూపించాను. దస్తావేజు ముందు పెట్టుకొని కూర్చున్నవాడు గనుక ఆ తేడా అతనికి భూమి అంత గట్టిగా అర్థమైంది.

అతను నన్ను దిద్దిన సందర్భాలూ తక్కువేమీ కావు. నా చిన్నతనంలో నౌపడా వెళ్ళే బుల్లిరైలు గురించి నేను గొప్పగా చెబుతూ అది 1898లో మొదలైందన్నాను. ఫోనులో వెతికి, "తప్పు. 1900" అన్నాడు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులని కూడా తనే చదివి చెప్పాడు. 2004లో ఆ సన్నపట్టాల బండి ఆగిపోయిననాడు నేను స్టేషనుకు వెళ్ళి నిలబడ్డ సంగతి మాత్రం ఫోనులో లేదు గనుక దాన్ని నా దగ్గర వినవలసి వచ్చింది. విని, "అంత నెమ్మదిగా ఎల్లే బండి కోసం ఏడిసినావా?" అన్నాడు. ఏడవలేదని అబద్ధం చెప్పాను.

ఈ వసారా ముచ్చట్ల నుంచే నాటిక రాశాను. ఇక్కడే నా తప్పు ఒప్పుకోవాలి. మీ పోటీలకు పంపాలన్న ఆలోచన రాగానే నా కలం దానంతటదే మీ దారి పట్టింది. చివరి సన్నివేశంలో తాత దస్తావేజు చదువుతూ చదువుతూ ఒరిగిపోతాడు, కుర్రవాడు కళ్ళద్దాలు తీసి గుండెకు హత్తుకొని ప్రేక్షకుల వైపు తిరిగి మూడు మాటలు అంటాడు, తెర పడుతుంది. రాసి, నాలో నేనే కళ్ళు తుడుచుకొని, బాగా వచ్చిందనుకున్నాను. కుర్రవాడి వేషానికి ఆ కుర్రవాడినే పెట్టాను. గంజాం వైపు ఊళ్ళల్లో మెట్లమెట్లుగా కట్టిన వేదిక మీద రాత్రి పొడుగునా ఆడే ప్రహ్లాద నాటకను చూసి పెరిగినవాడు గనుక, పెద్దవాళ్ళకు ఎదురు సమాధానం చెప్పే పిల్లవాడు వేదిక మీద ఎలా నిలబడాలో అతనికి నేను నేర్పవలసిన పని లేకపోయింది.

రెండో రిహార్సల్‌లో నేను వసారా బల్ల మీద ఒరిగి చనిపోయి ఉన్నాను. అతను సంభాషణ మొదలుపెట్టకుండా నిలబడిపోయాడు. కన్ను తెరిచి ఏమైందని అడిగాను.

"తాతా, నువ్వు సచ్చిపోయిన తర్వాత నాకు మూడు డైలాగులున్నాయి. అవి ఎవుడికి సెప్పాల?"

"నీలో నువ్వే చెప్పుకోవాలి. జనం వైపు చూసి."

"జనానికెందుకు? ఆ మాట నీకు గదా సెప్పాల." కొంచెం ఆగి, చేతిలోని కాగితాలు తిరగేసి, "మరి దస్తావేజు ఇంకా రెండు పేజీలున్నాది. అదెవుడు సదవాల?" అన్నాడు.

నేను సమాధానం చెప్పలేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. యాభై ఏళ్ళ వేషాల అనుభవంతో నేను చూడలేని లోపాన్ని పదమూడేళ్ళవాడు చూశాడు. నా చావు అతని పాత్రను ఒంటరి చేసింది, కథలో పనిని సగంలో వదిలేసింది, అన్నిటికంటే ముఖ్యంగా, అప్పటిదాకా నడిచిన ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఒక్కసారిగా ఇవ్వడం మాత్రమే చేసింది. చనిపోయినవాడు ఏమీ పుచ్చుకోలేడు. తాత చనిపోయిన క్షణాన నాటిక స్నేహం నుంచి వాత్సల్యానికి జారిపోయింది, మీ మూడు రోజుల పోటీలోని ముగ్గురు తాతల పక్కన నేనూ నాలుగోవాణ్ణయి పడుకున్నాను.

చివరి సన్నివేశం మార్చాను. కల్పించవలసిన అవసరం కూడా రాలేదు. నా వంటి పింఛనుదారులు ప్రతి నవంబరులో తాము బతికే ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. 2014లో ఆధార్‌తో ముడిపెట్టి జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చాక వేలిముద్ర వేస్తే సరిపోతున్నది. సరిపోవాలి. ఏళ్ళ తరబడి సంచుల తాళ్ళు లాగి, ముద్రలు కొట్టిన బొటనవేలు నాది. యంత్రం దానిని పోల్చుకోదు. తడిగుడ్డతో తుడిచి, తలనూనె రాసి, వేలు మార్చి, చెయ్యి మార్చి, వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కునేదాకా ప్రయత్నించి, "మరొకసారి రండి" అనిపించుకొని ఇంటికి వచ్చేవాణ్ణి. 2021 చివర్లో ముఖం చూపి ధ్రువీకరించే పద్ధతి వచ్చింది. ఆ పని కుర్రవాడు తన ఫోనులో మొదలుపెట్టాడు. తెర మీద నా ముఖం గుండ్రటి గీతలో కనిపించాలి, కళ్ళు ఆర్పాలి, అప్పుడు నేను ప్రాణంతో ఉన్నట్టు ప్రభుత్వం నమ్ముతుంది. నేను కెమెరా కనిపించగానే అలవాటు కొద్దీ వెన్ను నిటారు చేసి, రెప్ప వాల్చకుండా, గంభీరంగా దూరం చూశాను. నాలుగుసార్లు విఫలమైంది.

"నటించకు తాతా. ఉత్తినే కళ్ళార్పు."

ఆర్పాను. పచ్చరంగు గుర్తు వచ్చింది. "హౌ! బతికున్నావు. ఇంక దస్తావేజు తియ్యి" అన్నాడు.

నాటికలో చివరి మాట ఇదే. ఆ మాట మీదే తెర.

ఆ నాటికను మీలో ఒకరి పరిషత్తుకు తీసుకువెళ్ళాం. ఏ పరిషత్తో, ఏ ఊరో చెప్పను, చెప్పవలసిన పనీ లేదు, ఎందుకంటే ఏ పరిషత్తయినా ఇంచుమించు అలాగే చేసి ఉండేది. జనం బాగా నవ్వారు, కళ్ళార్పే చోట చప్పట్లు కూడా కొట్టారు. ప్రదర్శన తర్వాత ఒక న్యాయనిర్ణేత కుర్రవాణ్ణి దగ్గరకు తీసుకొని మెచ్చుకున్నారు, అందుకు కృతజ్ఞతలు. కాని సమీక్షలో చెప్పినవి ఇవి: నాటికకు పతాక సన్నివేశం లేదు. తాత పాత్రకు విషాదం లేదు, అతని కొడుకు ఎక్కడ ఉన్నాడో, ఎందుకు చూడటం లేదో చెప్పలేదు. సంభాషణల్లో భాషాదోషాలున్నాయి, "హౌ", "అజా" వంటి మాటలు తెలుగు కావు.

కొడుకు సంగతి ముందు తేల్చేస్తాను. తాతకు కొడుకున్నాడు, బరంపురంలో ఉంటాడు, నెలకు రెండుసార్లు వస్తాడు, కోడలు పంపిన కూర తెస్తాడు. నాటికలో అతను రాలేదు, ఎందుకంటే ఆ గంటలో అతనికి పని లేదు. కొడుకు మంచివాడైతే ముసలివాడికి స్నేహితుడు అక్కరలేదన్న లెక్క మీకు ఎక్కడిది? ఇరవై ఏళ్ళవాడికి అమ్మానాన్నలు ఉండగానే స్నేహితులుంటారు, దానికెవరూ కారణం అడగరు. డెబ్బై ఏళ్ళవాడికి స్నేహితుడు దొరికితే మాత్రం ఇంట్లో ఏదో లోటు ఉండి తీరాలని పట్టుపడతారు. విదేశాల్లో ఉన్న కొడుకులందరినీ ముద్దాయిలుగా నిలబెట్టి మన రంగస్థలం ఇప్పటికే చాలా తీర్పులు చెప్పేసింది. వాళ్ళలో చాలామంది ప్రతి ఆదివారం ఫోను చేస్తారు, పాపం.

ఇక భాష. "హౌ" అంటే ఒడియాలో సరే అని, "అజా" అంటే తాత అని. మా కుర్రవాళ్ళు తాతా అన్న నోటితోనే అజా అంటారు. మేము "సరే" అనడం మరిచిపోలేదు. కాని మా నోట "హౌ" వచ్చినప్పుడు అందులో కొంచెం తొందర, కొంచెం చనువు ఉంటాయి, అవి "సరే"లో ఉండవు. మా ఊరి భాషకు మార్కులు తగ్గించేముందు మా ఊరి నుంచే వచ్చిన ఒకరిని గుర్తు చేసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, అక్కడే దశాబ్దాలు గడిపి, అక్కడి నుంచే వ్యావహారిక భాష కోసం పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా మీరు వేదికలెక్కి జరుపుతున్నారు. ఆ పంతులుగారు కొండల మీది సవరలను ఇంటికి రప్పించుకొని, వాళ్ళ దగ్గర తాను సవర భాష నేర్చుకొని, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పించారు. మా వసారాలో జరిగిన బేరం వంటిదే నూరేళ్ళకు పైగా ముందే ఆయన ఇంట్లో జరిగిందని నేను అనుకుంటాను. ఆయనది మహాకార్యం, మాది హోల్డింగ్ ట్యాక్సు, అంతే తేడా. ఆయన జయంతికి దండ వేసి, ఆయన వీధుల్లో పుట్టిన మాటను దోషమని రాయడం బాగుందా, మీరే చెప్పండి.

పతాక సన్నివేశం లేదన్న మాట మాత్రం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. స్నేహం మీద రాసిన నాటికకు పతాక సన్నివేశం ఎక్కడుంటుంది? మన రంగస్థలం మీద పెద్దవాడికీ చిన్నవాడికీ మధ్య జోడీ కొత్తదేమీ కాదు. కన్యాశుల్కంలో కరటక శాస్త్రి, అతని శిష్యుడు ఉన్నారు. ఆ శిష్యుడికి ఆడవేషం వేయించి లుబ్ధావధాన్లకు పెళ్ళి చెయ్యడానికి గురువు పన్నాగం పన్నుతాడు. ఇద్దరిలో ఎవరూ ఎవరి కోసమూ కన్నీరు కార్చరు. గురువు అవసరం గురువుది, శిష్యుడి ఆశ శిష్యుడిది. శిష్యుడు గడుసువాడు, గురువుకు ఎదురు చెబుతాడు, గురువు మాటను ఎక్కడ నమ్మాలో ఎక్కడ నమ్మకూడదో ఎరిగినవాడు. ఆ జోడీ వేదిక ఎక్కగానే ప్రేక్షకుడు సర్దుకొని కూర్చుంటాడు. గురజాడవారికి ఏడిపించడం రాకనా? ఆ గురుశిష్యులిద్దరూ కలిసి ఒక పని మీద ఉన్నారు గనుక, ఆ పని అయ్యేదాకా ఎవరినీ చావనివ్వలేదు.

వేషధారణ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఇది నా వృత్తిదోషం అనుకోండి. మీ నాటికల్లో తాత వేషం చాలాసార్లు ముప్ఫై అయిదేళ్ళవాడు వేస్తాడు. జుట్టుకు తెల్లరంగు పూస్తాడు, నడుము వంచుతాడు, చేతికర్రను వణికిస్తాడు, ప్రతి మాటకూ ముందు దగ్గుతాడు. మేము అలా ఉండం. వినపడనప్పుడు మేము చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోం, విన్నట్టే తల ఊపి, తర్వాత మాటను బట్టి ముందు మాటను ఊహిస్తాం. చొక్కా జేబులో పెన్ను, కళ్ళద్దాల కవరు, పాత రసీదులు పెట్టుకుంటాం. కింద కూర్చున్నవాళ్ళం లేవాలంటే ముందు లేవబోతున్నట్టు ఎవరికీ తెలియకుండా ఒక చేతిని గోడ దగ్గరకు చేరుస్తాం. వణకడం కంటే వణుకును దాచడంలోనే మా నటనంతా ఉంది. అలాగే పిల్లవాడి చేత "తాతయ్యా, మీరు నాకు దేవుడిచ్చిన నేస్తం" అనిపించకండి. నా కుర్రవాడు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను స్నేహితుడని అనలేదు. పరీక్షలప్పుడు నెల రోజులు మొహం చూపించలేదు, నేను అలిగి మూడు రోజులు తలుపు దగ్గరగా వేసుకొని కూర్చున్నాను, అతను కిటికీలోంచి జామకాయ విసిరి వెళ్ళిపోయాడు. అది మా పెరటి జామకాయే.

కాబట్టి నా విన్నపం ఇది. ఈ సంవత్సరం మీ పరిశీలనకు వచ్చే రచనల్లో ముసలివాడికీ చిన్నవాడికీ మధ్య స్నేహం కథగా ఉన్నప్పుడు, తాత చనిపోలేదన్న కారణంగా దానిని పక్కన పెట్టకండి. కథకు అవసరమైన చావును నేను కాదనను. నాకూ ఆ రోజు వస్తుంది, అప్పుడు ఎవరైనా రాస్తే రాయవచ్చు. కాని చావును మార్కుల కోసం తెచ్చిపెట్టుకున్న చోట ఆ సంగతి కాగితం మీద రాయండి. ఇద్దరిలో ఎవరు ఎవరికి ఏమిచ్చారు, ఎవరు ఏం పుచ్చుకున్నారు అని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇవ్వడం అంతా ఒకవైపే ఉంటే అది మంచి నాటిక కావచ్చు, స్నేహం నాటిక మాత్రం కాదు. సరిహద్దు ఊళ్ళ నుంచి, అది మా పర్లాకిమిడి కావచ్చు, గుణుపూరు, రాయగడ, జయపురం కావచ్చు, వచ్చే నాటక సమాజాల భాషలో మీకు తెలియని మాట వినపడితే, దోషమని రాసేముందు పక్కకు పిలిచి దాని అర్థం అడగండి. చెప్పడానికి మాకు రెండు నిమిషాలు పడుతుంది. వీలైతే మీ పోటీల్లో ఒక సాయంకాలమైనా అరవై దాటినవాళ్ళు, పదహారు దాటనివాళ్ళు కలిసి ఆడే నాటికలకు కేటాయించండి. రిహార్సల్ కోసం వాళ్ళు ముప్ఫై నలభై సాయంత్రాలు ఒకచోట కూర్చోవలసి వస్తుంది. నాటిక ఎలా వచ్చినా ఆ సాయంత్రాలు ఎక్కడికీ పోవు.

మా సమాజం ఈసారి కూడా అదే నాటికతో దరఖాస్తు చేస్తున్నది. నిడివి యాభై రెండు నిమిషాలు. ముగింపు మార్చలేదు. పాత్రధారుల పట్టికలో మాత్రం ఒక మార్పు ఉంది. మా కుర్రవాడికి పదిహేడేళ్ళు నిండాయి, గొంతు మారింది, నాకంటే నాలుగు అంగుళాలు పొడుగయ్యాడు, ఎనిమిదో తరగతి కుర్రవాడిగా నమ్మించడం ఇక సాధ్యం కాదు. వేషం పోతుందని చెప్పినప్పుడు ఏమీ అనలేదు. మరునాడు వచ్చి, తెలుగులో తానే రాసుకొచ్చిన కాగితం నా చేతికిచ్చాడు. ఏడో తరగతి చదువుతున్న మా వీధి పిల్ల ఒకతె ఉంది, ఆమెకు పాఠం తను చెబుతాడట, పాత్రను బాలికగా మారిస్తే ఏయే మాటలు మార్చాలో పేజీ నంబర్లతో సహా రాశాడు. ఒకే ఒక్క చోట "తేలుగు" అని రాశాడు. దిద్దకుండా ఉంచి, ఆ ప్రతినే మీ స్క్రూటినీ కమిటీకి పంపుతున్నాను.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి, తాత వేషధారి